గుమాస్తా కోపం, యజమానురాలి నిద్ర

ఈ వారం మిగతా ఉత్తరాలన్నీ పక్కన పెట్టి ఒకే ఉత్తరానికి జవాబు రాస్తున్నాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. రాసిన సోదరి తన పేరు, దుకాణం పేరు వెయ్యవద్దన్నారు. ఉత్తరం ఆరు పేజీలు. కావలసిన మేరకు ఇస్తున్నాను.

"డాక్టరు గారికి నమస్కారములు. మాది కల్వకుర్తి. ఎరువులు, విత్తనాలు, పురుగుమందుల దుకాణం వుంది. మా వారు గుండెపోటుతో పోయి రెండేళ్ళయింది. అప్పటినుంచి దుకాణం నేనే చూసుకుంటున్నాను. నా వయసు 45. అమ్మాయి ఇంటరు, అబ్బాయి తొమ్మిదో తరగతి చదువుతున్నారు. మా దగ్గర ఒక గుమాస్తా వున్నాడు. వయసు 43. పదకొండేళ్ళుగా వున్నాడు. మా వారిని అన్నా అనీ, నన్ను వదినా అనీ పిలిచేవాడు. ఇంటి మనిషిలాగే మెలిగేవాడు. ఏడాదిన్నరగా అతని తీరు పూర్తిగా మారిపోయింది. పొద్దున పదింటికి గానీ రాడు. వచ్చినా మగతగా కూర్చుంటాడు. డీ.ఏ.పీ. బస్తాకు యూరియా ధర వేస్తాడు. ఒకరి అప్పు ఇంకొకరి ఖాతాలో రాస్తాడు. నిన్న చెప్పిన పని ఏమయిందంటే 'నాకు చెప్పనే లేదు' అని ఎదురు తిరుగుతాడు. చెప్పినప్పుడు దుకాణంలో కుర్రాడు కూడా విన్నాడన్నా ఒప్పుకోడు.

సాయంత్రం అయిదు దాటిందంటే మనిషి మనిషి కాదు. చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, రైతుల మీద అరుస్తాడు. 2025 వానాకాలంలో యూరియాకు జనం వరసలు కట్టిన రోజుల్లో, ఏడింటి దాకా వుండమన్నందుకు బిల్లు పుస్తకం నా మీదికి విసిరి 'ఆడదాని కింద పనిచేసే గతి పట్టింది' అని అందరి ముందూ అని వెళ్ళిపోయాడు. సారా, బ్రాందీ అలవాటు లేదు. పనయ్యాక దుకాణంలో కల్లు తాగుతాడంతే. అది మా వారి రోజుల్లోనూ వుంది. పోయినేడు ఇంటిల్లిపాదీ తిరుపతి వెళ్ళారు. అక్కడ రెండో రోజు క్యూలో పడిపోయి కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాడట. ఉపవాసం వల్ల అనుకున్నారు. అప్పటినుంచి కోపం మరీ ఎక్కువయింది.

నాకు రాత్రిళ్ళు నిద్ర వుండదు. మెడికల్ షాపులో అడిగితే అల్ప్రాజొలాం అర మిల్లీగ్రాము మాత్ర ఇచ్చారు. ఏడు నెలలుగా రోజూ వేసుకుంటున్నాను. ఇప్పుడు అది కూడా పనిచేయడం లేదు. ఛాతీలో మంట. ఒకసారి బీ.పీ. చూపిస్తే 156/98 వుందన్నారు. అతన్ని తీసెయ్యమని మా అన్నయ్య అంటాడు. అన్నం పెట్టిన చేత్తో పొమ్మనగూడదని మా అత్తగారు అంటుంది. 'ఇవాళ్టినుంచి కల్లు మానేసి వేళకు వస్తే రా, లేకపోతే లేదు' అని తేల్చి చెప్పేద్దామనుకుంటున్నాను. ఈలోగా నాకు నిద్ర పట్టడానికి ఇంకాస్త గట్టి మాత్ర రాయగలరు."

అమ్మా, మీరు చివర రాసిన ఆ మాట ఇంకా అనకపోతే, అనకండి. అతని మీద జాలితో చెప్పడం లేదు. అతను మీ మాట విని ఇవాళ్టినుంచి నిజంగానే కల్లు మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు. అందుకని ముందుగా చెబుతున్నాను.

మీరు తిరుపతి సంగతి మాటవరసకు రాశారు. వైద్యుడికి ఉత్తరం మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమయినది అదే. నలభై మూడేళ్ళ మనిషికి జీవితంలో మొదటిసారి మూర్ఛ వచ్చిందంటే ఉపవాసం అని సరిపెట్టుకోకూడదు. దానికి అనేక కారణాలు వుంటాయి. అవన్నీ చూడవలసినవే. అయితే ఊరు వదిలిన రెండో రోజున వచ్చిందన్నారు. రెండు రోజులు అతనికి రోజూ దొరికేది దొరకలేదు. దీనికి సాయంత్రం అయిదయ్యేసరికి వణుకు, చెమట, చిరాకు కలపండి. పొద్దుటి మగత కలపండి. నిన్నటి మాట ఇవాళ గుర్తులేకపోవడం కలపండి. ఉత్తరం చూసి రోగ నిర్ణయం చెయ్యకూడదు, నేను చెయ్యను. కానీ నాకు అనుమానం ఎటు పోతున్నదో మీకు అర్థమయ్యే వుంటుంది. అతను తాగుతున్నది ఉత్త కల్లు కాకపోవచ్చు.

చెట్టునుంచి దింపిన కల్లు పులిస్తే అందులో ఆల్కహాలు సుమారు 4, 5 శాతం వుంటుంది. ఈత, తాటి చెట్లు తగ్గిపోయి, తాగేవాళ్ళు తగ్గని చోట్ల, కొందరు వ్యాపారులు నీళ్ళలో శాకరిను వేసి తీపి పుట్టించి, నిషాకు మత్తుమందు పొడి కలపడం తెలంగాణలో చాలా ఏళ్ళుగా వున్న దుర్మార్గం. మొదట్లో క్లోరల్ హైడ్రేటు కలిపేవారు. తర్వాత డయాజిపాం వచ్చింది. ఆ తర్వాత అల్ప్రాజొలాం. (చెట్టెక్కి కల్లు గీసే మనిషిని ఇందుకు నిందించడం న్యాయం కాదు. చాలాచోట్ల పొడి కలిపే చెయ్యి వేరు.)

ఆ చివరి పేరు మీరు గుర్తుపట్టే వుంటారు. మీరు రాత్రి వేసుకుంటున్న మాత్ర అదే. కౌంటరుకు ఇటు మీరు, అటు అతను. ఇద్దరి ఒంట్లోనూ ఒకే మందు వుండవచ్చు. మీరు ఎంత వేసుకుంటున్నారో మీకు తెలుసు. అతను రోజుకు ఎంత తాగుతున్నాడో అతనికీ తెలియదు, అమ్మినవాడికీ తెలియదు.

ఈ మందు పనిచేసే తీరు కొంచెం చెబుతాను. మెదడులో ఉద్రేకాన్ని అణిచే ఏర్పాటు ఒకటి వుంది. బండికి బ్రేకు లాంటిదనుకోండి. అల్ప్రాజొలాం ఆ బ్రేకును గట్టిగా నొక్కుతుంది. అందుకే భయం తగ్గుతుంది, నిద్ర వస్తుంది. రోజూ బయటినుంచి ఎవరో నొక్కుతూ వుంటే మెదడు తన బ్రేకును తాను వదులు చేసుకుంటుంది. ఒంట్లో ఈ మందు సగానికి తగ్గడానికి సుమారు 11, 12 గంటలు పడుతుంది. నిన్న రాత్రి తాగినదాని మగత పొద్దుటిదాకా వుంటుంది. ఇవాళ సాయంత్రానికి మందు దిగిపోతుంది. సొంత బ్రేకు లేదు. అప్పుడు వణుకు, చెమట, గుండెదడ, ఎవరు పలకరించినా మండిపడే చిరాకు. అయిదు గంటలు దాటితే మనిషి మనిషి కాదన్నారు చూడండి, గడియారం ఆయన గుణానిది కాదు, మందుది అయివుండవచ్చు. పూర్తిగా దొరక్కపోతే రెండు మూడు రోజుల్లో మూర్ఛలు, లేనివి కనిపించడం, వినిపించడం కూడా వస్తాయి.

ఇంకొక సంగతి. ఈ మందు కొత్త జ్ఞాపకాలు నిలవకుండా చేస్తుంది. ఆ మత్తులో విన్న మాటకు అప్పుడు సరేనంటాడు, తర్వాత ఎంత తలచుకున్నా తట్టదు. 'నాకు చెప్పనే లేదు' అన్నప్పుడు అతను అబద్ధమాడడం లేదేమో. చెప్పలేదనే అతను నిజంగా నమ్ముతూ వుండవచ్చు. మీరేమో కళ్ళముందే అబద్ధమాడుతున్నాడని రగిలిపోతున్నారు. తప్పులు పట్టి తనను వెళ్ళగొట్టడానికి చూస్తున్నారని అతను అనుకుంటున్నాడు. ఇలాంటి తగాదాకు సాక్షులను పిలిస్తే తెగదు.

ఇదంతా పుస్తకంలో సంగతి కాదు. మీ ఊరు ఇంకా మహబూబ్‌నగర్ జిల్లాలో వున్న రోజుల్లో, 2015లో, ప్రభుత్వం కల్తీ కల్లు మీద దాడులు చేసి సరఫరా ఒక్కసారిగా ఆపింది. ఉద్దేశం మంచిదే. కానీ కొద్దిరోజుల్లోనే మహబూబ్‌నగర్, నిజామాబాద్ ప్రాంతాల ఆసుపత్రులకూ, హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికీ మూర్ఛలతో, వణుకుతో, పిచ్చిచూపులతో, తిక్క మాటలతో వందలమంది వచ్చిపడ్డారు. దెయ్యం పట్టిందనుకున్న కుటుంబాలూ వున్నాయి. తాగి కాదు, తాగడం ఆగిపోయి వచ్చినవాళ్ళు వాళ్ళు. మళ్ళీ 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు ఆసుపత్రి పాలయ్యారు, కొందరు చనిపోయారు. తాగితే ఒక ప్రమాదం, చటుక్కున మానితే ఇంకొక ప్రమాదం. ఈ రెండో సంగతి మన ఇళ్ళల్లో చాలామందికి తెలియదు. పంతం పట్టి మాన్పించడమే మందు అనుకుంటారు.

కల్లు మానాలి, మానకూడదని కాదు. వైద్యుడి కనుసన్నల్లో మానాలి. మామూలుగా చేసేది ఏమిటంటే, త్వరగా దిగిపోయే మందు బదులు నెమ్మదిగా దిగే మందును లెక్కప్రకారం ఇచ్చి, దాన్ని కొన్ని వారాలపాటు కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. ఒకసారి మూర్ఛ వచ్చిన మనిషి కనుక అతన్ని మొదట్లో కొన్నాళ్ళు ఆసుపత్రిలో వుంచవలసి రావచ్చు. మీ జిల్లా కేంద్రమైన నాగర్‌కర్నూలులో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. దాని ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఎక్కడో అడిగి వెళ్ళమనండి. అక్కడివాళ్ళు అవసరమనుకుంటే ఎర్రగడ్డకు పంపుతారు. ముందు ఫోనులో మాట్లాడాలంటే 14416 నంబరుకు చెయ్యవచ్చు. 2022లో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ ఏర్పాటు అది. ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. ఎర్రగడ్డ అనగానే పిచ్చాసుపత్రి అని భుజాలు తడుముకునేవాళ్ళు ఇంకా వున్నారు. అతని ముందు ఆ మాట ఎవరినీ వాడనివ్వకండి.

నా అనుమానం తప్పయినా కావచ్చు. కనుక వైద్యుడి దగ్గరికి వెళ్ళినప్పుడు ఇతర పరీక్షలు కూడా చేయించాలి. మూర్ఛకు తల స్కాను, రక్తంలో చక్కెర, కాలేయం పరీక్షలు వాళ్ళే రాస్తారు. చక్కెర వ్యాధి ముదిరినా మనిషి నీరసంగా, చిరాకుగా వుంటాడు. థైరాయిడు గ్రంథి మందగిస్తే మగత, మతిమరుపు వస్తాయి. చెవి మందగించినవాళ్ళు 'చెప్పలేదు' అని పోట్లాడడం ప్రతి ఇంట్లోనూ చూసేదే. మీది పురుగుమందుల దుకాణం. కారుతున్న డబ్బాలు ఒట్టి చేతులతో సర్దడం, ఆ గదిలోనే అన్నం తినడం వుంటే ఆ సంగతి కూడా వైద్యుడికి చెప్పాలి. కొన్ని పురుగుమందులు ఒంట్లోకి పోతే తలనొప్పి, చెమట, వణుకు, చిరాకు కలుగుతాయి. రక్తపరీక్ష వుంది. ఈ జాగ్రత్త మీకూ వర్తిస్తుంది, ఆ కుర్రాడికీ వర్తిస్తుంది.

కళ్ళ సంగతి మరిచిపోయేవాణ్ణి. అతనికి 43 ఏళ్ళు. చత్వారం వచ్చే వయసు. డీ.ఏ.పీ.కి యూరియా ధర ఎందుకు వేస్తున్నాడు? బిల్లు పుస్తకాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చదువుతున్నాడేమో ఒకసారి గమనించండి. కళ్ళజోడు పెట్టుకుంటే ముసలివాణ్ణయ్యానంటారని కొన్నేళ్ళు అలాగే నెట్టుకొచ్చే మగవాళ్ళు ఎందరో వున్నారు. తక్కువ ఖర్చుతో పోయే తప్పును పెద్ద జబ్బు ఖాతాలో రాయడం ఎందుకు?

ఇక అతను అన్న మాట. 'ఆడదాని కింద పనిచేసే గతి పట్టింది' అన్నాడు. దీన్ని మాత్రం నేను అల్ప్రాజొలాం మీదికి నెట్టను. మందు నోటికి తాళం తీస్తుంది. లోపల లేని మాటను తయారుచెయ్యదు. అది మీరు భరించనక్కర్లేదు. జబ్బు మనిషి అని బిల్లు పుస్తకం విసరడాన్ని ఓర్చుకుంటూ పోతే అతనికి మేలేమీ కాదు, మీ రక్తపుపోటు పెరుగుతుంది.

కానీ ఆ మాట వెనుక ఏముందో తెలుసుకుంటే మీకే పని సులువు. మీ ఉత్తరం నాలుగో పేజీలో ఒక వాక్యం వుంది. మా వారు పోయాక ఖాతాలు కంప్యూటరులోకి ఎక్కించాను, వేలిముద్ర మిషను కూడా కుర్రాడే చూస్తాడు అని. ఎరువులను వేలిముద్ర మిషను మీద అమ్మడం దేశమంతటా 2018 నాటికి వచ్చింది. మీ వారు వున్నన్నాళ్ళూ పాత గుమాస్తా మాటే చెల్లి వుంటుంది. ఎవరికి అప్పివ్వవచ్చు, ఎవరికి ఇవ్వగూడదు, ఎవరి పత్తి ఎప్పుడు అమ్ముడవుతుంది, వేరుశనగ డబ్బు ఎవరింటికి ఎప్పుడొస్తుంది అన్నీ అతని నోట్లోనే వుండేవి. ఇవాళ నిన్నగాక మొన్న వచ్చిన కుర్రాడు మిషను ముందు కూర్చున్నాడు, అతను బస్తాలు లెక్కపెడుతున్నాడు.

లండనులో ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్యం మీద 1967లో ఒక పెద్ద పరిశీలన మొదలుపెట్టారు. వైట్‌హాల్ పరిశీలన అంటారు. సుమారు 18 వేలమంది మగవాళ్ళను చూశారు. గుండెజబ్బుతో ఎక్కువగా పోయేది బాధ్యతలు మోసే పెద్ద ఆఫీసర్లు అనుకునేవారు అంతకుముందు. తేలింది దానికి తలకిందులు. అట్టడుగు మెట్టు మీదివాళ్ళలో ఆ మరణాలు పై మెట్టువాళ్ళకంటే మూడింతల దాకా వున్నాయి. 1985లో ఆడవాళ్ళను కూడా చేర్చి రెండో పరిశీలన మొదలుపెట్టారు. తన పని ఎలా చెయ్యాలో తానే నిర్ణయించుకునే వీలు లేనివాళ్ళకు గుండెజబ్బు ఎక్కువ అని అందులో కనబడింది. గుమాస్తా పొగరు అని మనం కొట్టిపారేసే దాంట్లో ఇదీ కొంత వుంటుంది. అతని చేతిలోనుంచి ఖాతా పుస్తకం పోయింది, దాని బదులు ఏదీ రాలేదు.

అతనితో ఎలా మాట్లాడాలని మీరు అడగలేదు. అయినా చెబుతాను, ఎందుకంటే వైద్యుడి దగ్గరికి అతన్ని కదిలించవలసింది మీరే. సాయంత్రం వద్దు. పొద్దున వచ్చిన వెంటనే మగతలోనూ వద్దు. పదకొండూ పన్నెండు మధ్య, గిరాకీ తక్కువ వున్న రోజు చూసుకోండి. కుర్రాణ్ణి బయటి పనికి పంపండి. మీ అన్నయ్యను మాత్రం పక్కన కూర్చోబెట్టుకోకండి, అది పంచాయితీ అవుతుంది. అతని భార్యను పిలిపించండి. రాత్రిళ్ళు జరిగేది ఆమెకు తెలుసు. తిరుపతిలో పక్కన వున్నదీ ఆమే. కోపం వుంటే కొంచెం మంచినీళ్ళు తాగి మొదలుపెట్టండి.

ఇలా అనవచ్చు: "తమ్ముడూ, తిరుపతిలో నీకు జరిగింది మామూలు నీరసం కాదని డాక్టరు రాశాడు. నువ్వు తాగే కల్లులో మందు కలుస్తున్నదేమోనని అనుమానం. ఒక్కసారిగా మానొద్దన్నాడు. చూపించుకుందాం. వారం పది రోజులు రాకపోయినా నీ జీతం నేను పట్టుకోను." ఇక్కడ ఆగండి. అతను ఏమంటాడో వినండి. మొదట ఒప్పుకోకపోవచ్చు. 'నేనేం తాగుబోతునా' అంటాడు. తాగుబోతు అనే మాట మీరు అననే లేదు కదా, అదే చెప్పండి.

అదే రోజు రెండో మాట కూడా చెప్పాలి. "అందరి ముందూ నన్ను అన్న మాట, పుస్తకం విసరడం ఇంకొకసారి జరిగితే ఊరుకోను. మీ అన్న వున్నా ఊరుకునేవాడు కాదు." ఇది గొంతు పెంచకుండా, కళ్ళలోకి చూస్తూ చెప్పాలి. మొదటి మాటకు ఆశపడి దీన్ని మింగేస్తే మీకు రాత్రి మళ్ళీ నిద్ర వుండదు.

పని విషయంలో, చికిత్స జరిగినన్నాళ్ళు నోటిమాటగా ఏదీ చెప్పకండి. పొద్దున ఒక చీటీ మీద ఆనాటి పనులు నాలుగు రాసి ఇవ్వండి, సాయంత్రం నాలుగున్నరకు ఆ చీటీ చూసుకోండి. నగదు, ధరలు వెయ్యడం కొన్నాళ్ళు అతని చేతికి ఇవ్వకండి. అప్పుల వసూలు, రైతులతో మాట, సరుకు లెక్క అతనికి అప్పగించండి. అవి అతనికి తెలిసినంత ఆ కుర్రాడికి తెలియవు. మిషను మీద పని నేర్పాలంటే కుర్రాడితో నేర్పించవద్దు, మీరే పక్కన కూర్చుని నేర్పండి.

పురుగుమందుల గది తాళం ఈ రోజునుంచి మీ కొంగున వుండాలి. నిరాశలో వున్న మనిషి, మత్తు దిగిన మనిషి, పక్కనే విషం. ఈ మూడూ ఒకచోట వుండకూడదు. చచ్చిపోతాననే మాట నవ్వుతూ అన్నా సరే, అతని భార్యకు చెప్పండి, అదే రోజు డాక్టరుకు చూపించండి.

దుకాణంలో మూర్ఛ వస్తే ఏం చెయ్యాలో కుర్రాడికి కూడా నేర్పండి. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, పళ్ళ మధ్య చెంచా దోపడం ఏమీ వద్దు. చుట్టూ వున్న బస్తాలు, బల్లలు జరిపి, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. కొట్టుకోవడాన్ని అదిమిపట్టి ఆపకూడదు. నోట్లో నీళ్ళు పొయ్యకూడదు. గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటినా, స్పృహ రాకుండా రెండోది వచ్చినా, వెంటనే 108కి ఫోను చెయ్యాలి. అతని విషయంలో అయితే అయిదు నిమిషాలు కూడా ఆగకుండా పిలవమంటాను.

ఇంత చేసినా చికిత్సకు రానంటే, చెయ్యెత్తితే, లెక్కల్లో మోసం కనిపిస్తే ఏమిటి? అప్పుడు పంపించెయ్యవచ్చు, మీ అత్తగారికి నా పేరు చెప్పండి. దుకాణాల, సంస్థల చట్టం 1988 ప్రకారం ఆరు నెలలకు పైబడి పనిచేసిన మనిషిని తగిన కారణం లేకుండా తియ్యకూడదు. తీసేటప్పుడు నెల ముందు రాతపూర్వకంగా నోటీసు గానీ, దానికి బదులు నెల జీతం గానీ ఇవ్వాలి. మిగతా వివరాలు కార్మిక శాఖ కార్యాలయంలో అడగండి. నోటీసు ఇచ్చే రోజున కూడా 'చటుక్కున మానకు, డాక్టరును చూడు' అన్న మాట అతని భార్య చెవిన వెయ్యండి.

ఇప్పుడు మీ సంగతి. గట్టి మాత్ర రాయను. ఇప్పుడున్నదాన్ని కూడా తగ్గించాలి. అల్ప్రాజొలాం 2014 నుంచి డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందుల ప్రత్యేక పట్టికలో వుంది. అమ్మినప్పుడు చీటీ రాసిన డాక్టరు పేరు, రోగి పేరు దుకాణదారు పుస్తకంలో రాసుకోవాలి. మీకు ఏడు నెలలుగా చీటీ లేకుండా ఇస్తున్న ఆ దుకాణదారు మీకు ఉపకారం చెయ్యడం లేదు. ఇప్పుడు పనిచేయడం లేదన్నారు; మందు అలవాటయిన గుర్తు అదే. ఇంకో అర మాత్ర కలుపుకుంటే కొన్నాళ్ళు పనిచేస్తుంది, మళ్ళీ ఆగిపోతుంది. అయితే మీరు కూడా రేపటినుంచి మానెయ్యకూడదు. మీ గుమాస్తాకు చెప్పిందే మీకూ. డాక్టరును కలిసి, కొన్ని వారాల్లో కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి. తగ్గించినప్పుడల్లా రెండు మూడు రాత్రులు నిద్ర చెడుతుంది, అది మళ్ళీ సర్దుకుంటుంది. ఈ మందు మీద వున్నంతకాలం దగ్గు మందులు, జలుబు మాత్రలు డాక్టరును అడక్కుండా వేసుకోకండి. పొద్దున మగత వుంటే స్కూటీ తియ్యకండి.

ఒక్కసారి చూసిన 156/98తో రక్తపుపోటు జబ్బు వుందని తీర్పు చెప్పను, లేదనీ చెప్పను. చేతికి పట్టీ చుట్టే మిషను ఒకటి ఇంట్లోకి కొనండి. కాఫీ, టీ తాగి అరగంట కావాలి. అయిదు నిమిషాలు వీపు ఆనించి కదలకుండా, మాట్లాడకుండా కూర్చుని, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద పెట్టి చూసుకోవాలి. పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, వారం రోజులు. మొదటి రోజు అంకెలు వదిలి, మిగతావాటి సగటు 135/85కు చేరినా, దాటినా చికిత్స కావాలి. ఎప్పుడయినా 180/120 దాటి, ఛాతీ నొప్పో, ఆయాసమో, ఒక పక్క చెయ్యి పట్టు తప్పడమో వుంటే వారం ఆగవద్దు, అప్పుడే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఛాతీలో మంట అన్నారు. గ్యాసు అని అందరూ అనేదే. నలభై అయిదేళ్ళ స్త్రీకి, రక్తపుపోటు అనుమానం వున్నప్పుడు, ఒక ఈ.సీ.జీ. తీయించకుండా గ్యాసు అనడం నాకిష్టం లేదు. ఆడవాళ్ళలో గుండె నొప్పి ఒక్కోసారి మంటగా, వికారంగా, వీపు నొప్పిగా, వట్టి నీరసంగా కనిపిస్తుంది. మంట నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో వస్తున్నదా, పడుకుంటే వస్తున్నదా గమనించి డాక్టరుకు చెప్పండి. నెలసరి గురించి మీరు ఏమీ రాయలేదు. అది తప్పుతూ వుంటే, ఒళ్ళంతా ఆవిరి కొట్టినట్లయి రాత్రి చెమటతో మెలకువ వస్తుంటే, నిద్రలేమికి అదీ ఒక కారణం. సిగ్గుపడకుండా అడగండి.

రాత్రి పది దాటాక లెక్కల పుస్తకం పడకగదిలోకి రానివ్వకండి. పగలు పడుకోవద్దు. సాయంత్రం అయిదు తర్వాత టీ వద్దు. దుకాణం మూశాక అమ్మాయిని వెంటబెట్టుకుని అరగంట నడవండి. ఉప్పు రోజుకు ఒక చిన్న చెంచా, అంటే 5 గ్రాములు మించకూడదు; ఊరగాయ కూడా అందులో లెక్కే.

ఇంకొకటి అడగాలని వుంది. మీ ఉత్తరం ఆరు పేజీల్లోనూ మీ వారు పోయిన సంగతి ఒక్క వాక్యంలో వుంది. గుమాస్తా సంగతి అయిదు పేజీలు. పోయిన మనిషి గురించి ఎవరితోనయినా మనసు విప్పి మాట్లాడి ఎన్నాళ్ళయింది? రెండేళ్ళ తర్వాత కూడా ఏ పూటా తేలిక కాకపోతే, దేనిమీదా మనసు పోకపోతే, అది కూడా వైద్యం వున్న జబ్బే కావచ్చు. పైన రాసిన 14416 నంబరు గుమాస్తాకు మాత్రమే అని ఎక్కడా లేదు.

వారం రోజుల బీ.పీ. అంకెలు, ఈ.సీ.జీ. నకలు, చక్కెర, థైరాయిడు రిపోర్టులు మీ ఊరి డాక్టరుకు చూపించాక, ఆయన ఏం రాశారో జతచేసి మళ్ళీ రాయండి. గుమాస్తా రిపోర్టులు అతను ఒప్పుకుంటేనే పంపండి. అతనికి కళ్ళజోడు ఎంత నంబరు వచ్చిందో మాత్రం తప్పక రాయండి.